కట్టినోళ్ళే ఇప్పాల

హలో, హలో... వినబడుతోందా? ఆ, ఇప్పుడు బాగుంది. అందరూ కుశలమే కదా? అన్నాలు తిన్నారా? తినకపోతే కంచం ముందర పెట్టుకునే వినండి. ఈ కథలో గుండె దడదడలాడే సంగతులేం లేవు. చివరికి వచ్చేసరికి మీకే ఒళ్ళు కాస్త తేలికపడుతుంది. మా ఎమ్మిగనూరు కథ. ఎనభై ఒకటో సంవత్సరం, శివరాత్రి పోయి పది పన్నెండు దినాలైందనుకోండి. ఇంక మొదలుపెడతాను.

ఆదోని నుంచి తిరిగొచ్చిన దుప్పట్ల మూటను ఉచ్చీరప్ప షెడ్డు ముందర విప్పించాడు. నలభై మగ్గాల సంఘానికి ఆయన ప్రెసిడెంటు. పైనున్న దుప్పటిని రెండు చేతులా పట్టి ఎండకు ఎత్తాడు. తెల్ల దుప్పటికి అటు చివర ఆరు, ఇటు చివర ఆరు ఎర్ర నెమళ్ళు, పురి విప్పుకొని. ఒక చివరనున్న నెమళ్ళ తోకల్లోంచి ఎర్ర దారాలు ఉచ్చుల్లాగా వేలాడుతున్నాయి. కొన్నిచోట్ల దారం సాగి, గుడ్డ ముడుచుకుపోయి, నెమలి కాస్తా కోడిపుంజు అయింది.

"సూడండప్పా మన సంఘం మర్యాద," అన్నాడు.

మగ్గాల గుంతల్లోంచి లేచి వచ్చిన నేతగాళ్ళు చుట్టూ నిలబడ్డారు. వరండాలో నాడెల్లోకి దారం కండెలు చుట్టే ఆడవాళ్ళు రాట్నాల దగ్గర నుంచే మెడలు చాచారు.

"నేతలో తప్పా అనా?" అని అడిగాడు బజారి. పదో నంబరు మగ్గం అతనిది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగినా అతని నోరు ఆగదు.

"నలభై మందీ ఒకే మాదిరి తప్పు నేస్తార్రా? తప్పు అట్టల్లో ఉండాది." ఉచ్చీరప్ప దుప్పటి మీదుగా చూశాడు. "మాబు సాబ్, ఏమంటావు?"

మాబు సాబ్ పిలవగానే పని మీద నుంచి లేచొచ్చాడు. కొయ్య సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా సంఘానికి డిజైను అట్టలు కొట్టేది ఆయనే. గళ్ళ కాగితం మీద బొమ్మ గీస్తారు, దాన్ని గ్రాఫు అంటారు. గ్రాఫులో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. ఎర్ర రంగున్న గడికి తూటు కొట్టాలి, తెల్ల గడిని వదిలేయాలి. ఆ అట్టలను మాలలాగా కుట్టి మగ్గం మీది పెట్టెకు ఎక్కిస్తే, తూట్లు చెప్పినట్టల్లా పడుగు లేస్తుంది, గుడ్డ మీద నెమలి దిగుతుంది. అట్ట తప్పితే నలభై మగ్గాలూ తప్పుతాయి.

"గ్రాఫులో ఉన్నట్టే కొట్టినానప్పా," అన్నాడు మాబు సాబ్.

"గ్రాఫు గీసింది శేషప్ప. కంచికి పోయి నేర్సుకోని వచ్చినోడు. ఆయన తప్పు గీస్తాడా?"

శేషప్ప వరండా స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. చొక్కా జేబులో రెండు కుంచెలు. "నా గ్రాఫులో తప్పు లేదు," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"అయితే ఒగసారి బయటికి తీయించు అప్పా. అట్టలు పక్కన పెట్టి సూస్తాము. నా తప్పే అయితే ఈడనే ఒప్పుకుంటా."

ఉచ్చీరప్ప చేయి నడుముకున్న తాళంచెవుల గుత్తి మీదికి పోయింది. "గ్రాఫు ఆ బీరువా గది దాటి రాదు. నీకు తెలీదా? పక్క సంఘమోళ్ళ కంట్లో పడితే రేపే వాళ్ళ మగ్గాల మీద ఉంటాది. ఆయితారం మీటింగు పెడతా. అంతవరకు సుత్తి కింద పెట్టు. నలుగురూ సరే అంటే అట్టల పని ఇంగొకరికి ఇద్దాము."

వరండాలోంచి భీమక్క గొంతు వచ్చింది. "నేను ఆ పొద్దే సెప్పినా. అందరూ పండ్లు బయటపెట్టి నవ్వితిరి."

"కండెలు సుట్టేదానికి డిజైను ఏంటికమ్మా, రాట్నం తిప్పు," అన్నాడు ఉచ్చీరప్ప. నలుగురు నవ్వారు.

మాబు సాబ్ నవ్వలేదు. సుత్తి కింద పెట్టమన్నారు, కానీ ఎక్కడ పెట్టాలో తోచలేదు. తన మూలకు పోయి, ఇనుప పలక మీది అట్టముక్కలు ఊడ్చి, మేకుకు వేలాడుతున్న నెమలి అట్టల మాల తీసి భుజాన వేసుకున్నాడు. సుత్తి చంకలో పెట్టుకొని నట్టనడి మధ్యాహ్నం ఇంటికి పోయాడు.

భార్య లాలాబీ రొట్టెలు తడుతూ ముందు సుత్తినే చూసింది. "ఇది ఏంటికి ఇంటికి వచ్చింది?"

ఆయన చెప్పాడు. ఆమె రొట్టె తిప్పింది. ఆయన వాకిట్లో కూర్చొని ఒక్కో అట్ట ఎండకు పట్టి చూడసాగాడు. నూటా తొంభై రెండు అట్టలు. తూట్ల అంచులు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కటీ చినగలేదు, ఒక్కటీ పక్కకు జరగలేదు. కానీ శుభ్రంగా ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు. సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే కాగితం బీరువాలో ఉంది.

"నా కండ్లే తప్పు సూసినాయేమో లాలా," అన్నాడు చివరికి. "ఆ గదిలో ఒగ కిటికీ కూడా లేదు. గ్రాఫు ఆడనే కూసోని రాసుకోవాల. ముందటి మాదిరి కనపడడంల్యా."

"మీకే తెలీకుంటే వాళ్ళకు ఎట్ల తెలిసింది, తప్పు మీదేనని?" రొట్టె కంచంలో వేసి ముందుకు తోసింది. "రేపు ఆదోనికి పోండి. దుప్పట్లు కొన్నోళ్ళను అడగండి ఏం సెడిందో. ఇజ్జత్ ఉన్న మనిషి ఇంట్లో కూసుంటే ఒప్పుకున్నట్టే."

*

శుక్రవారం ఆదోనిలో నమాజు ముగించుకొని మాబు సాబ్ బజారులో కరీం సాబ్ అంగడికి పోయాడు. పత్తి బండ్లు పోయిన దారంతా తెల్లటి పింజలు అంటుకొని ఉన్నాయి. కరీం సాబ్ తడి గుడ్డతో బల్ల తుడుచుకుంటున్నాడు. దుప్పట్లు వెనక్కి పంపింది ఆయనే.

"నీ మీద కోపం లేదు మాబు భాయ్. పెండ్లిండ్లకు కొన్నోళ్ళు తెచ్చి నా మొగాన కొడతాండారు, నేనేం సేసేది?" అల్మారా కింది నుంచి ఇంకా పంపని దుప్పట్లు నాలుగు లాగాడు. "సూస్కో."

మాబు సాబ్ చెప్పులు విడిచి అంగట్లో చాప మీద కూర్చున్నాడు. ఒక దుప్పటి పరిచి, తోకల మీద అరచేయి పెట్టి నిదానంగా రాశాడు. అటు చివర దారాలు లేచి ఉన్నాయి. ఇటు చివర చేయి నున్నగా జారింది. రెండో దుప్పటి పరిచాడు. దానికీ ఒక చివరే. మూడోది, నాలుగోది.

"కరీం భాయ్, అన్నీ ఒగపక్కనే సెడినాయి."

"అయితే?"

"రెండు పక్కలా అవే అట్టలు. తూటు తప్పితే పన్నెండు నెమళ్ళూ తప్పాల. ఆరు బాగుండి ఆరు సెడేది ఎట్ల?"

కరీం సాబ్ తుడిచే గుడ్డ ఆపాడు. అంతలో మాబు సాబ్ దాని మీదికి జరిగి, బాగున్న చివర తల పెట్టి, అంగట్లోనే వెల్లకిలా పడుకున్నాడు.

"అరే, ఏమైంది భాయ్? నీళ్ళు తేనా?"

"కాళ్ళు యాడుండాయి సూడు."

కాళ్ళు చెడిన నెమళ్ళ మీద ఉన్నాయి.

కరీం సాబ్ గడ్డం గోక్కున్నాడు. ఏదో గుర్తొచ్చి వేలెత్తాడు. "స్టేషన్ దగ్గర లాడ్జికి పన్నెండు ఇచ్చినా. ఒగటి కూడా తిరిగి రాలేదు. ఆడ పడుకునేదంతా మగోళ్ళే."

పడుకున్నవాడు పడుకున్నట్టే మాబు సాబ్ కళ్ళు మూసుకున్నాడు. కార్తీకంలో మొదటి నెమలి దుప్పటి మగ్గం దిగిన రోజు కళ్ళ ముందుకొచ్చింది. భీమక్క దాని మీద పాదం పెట్టి, ఇట్లా లాగి, "ఈ తోక మెట్టెకు తగులుకుంటాది" అంది. బజారి "అయితే మెట్టెలు తీసి పడుకో" అన్నాడు. మగవాళ్ళంతా నవ్వారు. సుత్తి పట్టుకొని ద్వారం దగ్గర నిలబడి తానూ నవ్వాడు.

*

శనివారం పొద్దున్నే ఆయన షెడ్డు వరండాలో భీమక్క రాట్నం పక్కన గొంతుకూర్చున్నాడు. ఆమె ఎడమచేత్తో దారం వదులుతూ కుడిచేత్తో రాట్నం తిప్పుతూనే ఉంది.

"నువ్వు సెప్పింది నిజమే భీమక్కా. మెట్టెలకే తగులుకుంటాండాయి. ఆ పొద్దు నేనూ నవ్వినా."

"సూసినా. నీకు ముందరి పన్ను లేదు, నవ్వితే బాగా కనపడతాది." కండె నిండింది. తీసి బుట్టలో వేసి ఇంకోటి గుచ్చింది. "సరే, మెట్టెకు ఏంటికి తగులుకుంటాది? ముందర దుప్పట్లు ఎప్పుడూ తగులుకోలే కదా."

"దారం పొడుగ్గా ఇడిసినాము. మామూలుగా నాలుగైదు పోగులు దాటినాక ఒగ సోట కిందికి కట్టెయ్యాల. ఈ తోకలో పదునాలుగు పోగులు దాటినా కట్టు లేదు. ఊయల మాదిరి వేలాడతాది."

"ఆ కట్టు గీసేది శేషప్ప మర్సినాడా, కొట్టేది నువ్వు మర్సినావా?"

"అదే తెలీదు. నాకైతే తోకంతా ఎర్రగానే కనపడె."

భీమక్క మొదటిసారి రాట్నం ఆపింది. "ఆ కాగితం సూస్తే తెలుస్తాది. నిన్ను తప్పు అంటాండారు, ఆ తప్పు రాసిన కాగితం నీకు సూపరు. ఇదేం నాయమప్పా?"

ఆయన లేచి కడవ దగ్గర నీళ్ళు తాగుతున్న శేషప్ప దగ్గరికి పోయాడు. "ఒగ మాట. తోకలో కట్టు ఇడిసినావా?"

"ఇడిసినా."

"నాకు కనపడలేదు శేషప్పా."

"కనపడలేదా, నువ్వు సూడలేదా?" శేషప్ప చెంబు బోర్లించాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నేను గీసినది బీరువాలోకి పోతాది. నువ్వు కొట్టినది మగ్గానికి పోతాది. మధ్యలో మనం మాట్లాడుకునిందే లేదు. నన్నేం అడుగుతావు? ఆయన్ను అడుగు."

తిరిగి చూసేసరికి వరండాలో చప్పుడు తగ్గింది. ఒక్కొక్క రాట్నమే ఆగుతోంది. పద్నాలుగు రాట్నాలు. చివరిది ఆగినాక షెడ్డులో మగ్గాల చప్పుడు ఒక్కటే మిగిలింది. బుట్టల్లోని కండెలతో అది మధ్యాహ్నం దాకా నడిచింది. ఆ తర్వాత పదో నంబరు గుంతలోంచి బజారి ఒట్టి నాడె ఎత్తి చూపిస్తూ వచ్చాడు. "కండె ఏదక్కా?"

"మెట్టెలు తీసి పడుకున్నాయి," అంది భీమక్క.

ఉచ్చీరప్ప వచ్చాడు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒళ్ళో చేతులు పెట్టుకొని కూర్చొని ఉన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. "గ్రాఫు బయటికి వస్తే కండెలు వస్తాయి," అని ఒక్క మాట చెప్పారు. ఆయన బెదిరించాడు, నవ్వించబోయాడు, పక్క సంఘం పేరు చెప్పాడు.

"ఆదోనిలో ప్రతి మంచం మీద పరిసినాక ఇంగేం గుట్టు అనా?" అన్నాడు బజారి. కార్తీకంలో నవ్విన నోరే. ఈసారి నవ్వినవాళ్ళు ఆడవాళ్ళ వైపు నిలబడి నవ్వారు.

ఉచ్చీరప్ప తాళంచెవులు ఒకటి రెండు సార్లు గలగలలాడించాడు. "రేపు మీటింగులో తీస్తా. సుట్టండి తల్లీ, సుట్టండి."

*

ఆదివారం ఎనిమిది గంటలకు గ్రాఫు బయటికి వచ్చింది. చాపంత కాగితం. షెడ్డు నీడ పడిన గోడకు తాడు కట్టి రెండు కొక్కేలకు తగిలించారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నేతగాళ్ళు తాము నేసే బొమ్మను గళ్ళ మీద చూశారు. అందరూ ఒక్కసారిగా దగ్గరికి తోసుకొచ్చారు. ఎవరో తమ మగ్గం మీద దారం తెగే చోటు వెతుకుతున్నారు, ఎవరో నెమలి కన్ను ఎన్ని గళ్ళో లెక్కపెడుతున్నారు. "చేతులు పెట్టొద్దండి, రంగు పోతాది!" అని శేషప్ప దూరం నుంచే అరిచాడు. తన కాగితాన్ని ఇట్లా నలుగురిలో పరీక్షకు పెట్టడం ఆయనకు బట్టలు విప్పినట్టుంది. స్తంభం వదిలి రాలేదు.

బజారి చదవడానికి ముందుకొచ్చాడు. మాబు సాబ్ అట్టల మాల పట్టుకొని ఎండలో నిలబడ్డాడు.

"అరవై ఒకటో వరస. మూడు ఎర్ర, రెండు తెల్ల, నాలుగు ఎర్ర."

మాబు సాబ్ అట్ట ఎండకు ఎత్తాడు. "మూడు తూట్లు, రెండు ఇడుపు, నాలుగు తూట్లు."

"అరవై రెండు. పదునాలుగు ఎర్ర."

"పదునాలుగు తూట్లు."

"ఆగు," అన్నాడు శేషప్ప. "పదునాలుగు యాడివి? మధ్యలో రెండు కట్లు ఉండాయి."

"యాడుండాయప్పా? అంతా ఎరుపే."

"ఉండాయి. సుక్కలు పెట్టినా."

శేషప్ప జనాన్ని తోసుకొని వచ్చాడు. కాగితానికి ముక్కు ఆనేంత వంగాడు. వెనక నలభై మంది భుజాల మీదుగా వంగారు. వాళ్ళ నీడ గ్రాఫు మీద పడింది. శేషప్ప వేలు తోక మీద అటూ ఇటూ తిరిగింది, ఆగలేదు. "ఉండాయి... పెట్టినా..." అని మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతు సన్నబడింది.

"కంచిలోనే మర్సిపోయి వచ్చినట్టుండావు," అన్నారు ఎవరో. నవ్వులు లేచాయి. "మాబన్న తప్పు లేదు, తేలిపాయ," అని ఇంకొకరు భుజం తట్టారు. ఉచ్చీరప్ప కూడా తలాడించాడు. భీమక్క వరండాలోంచి మాబు సాబ్ వైపు చూసి గడ్డం పైకెత్తింది, గెలిచినావు అన్నట్టు.

మాబు సాబ్ ఊపిరి వదిలాడు. మూడు రోజులుగా భుజాల మీదున్న బరువు దిగుతున్నట్టే ఉంది. అట్టల మాల మడత పెట్టుకోవడానికి పక్కకు జరిగాడు. జనం చెదిరారు. అప్పుడే ఎండ షెడ్డు రేకుల అంచు దాటి గోడ మీదికి ఏటవాలుగా వచ్చింది. ఆయన నిలబడిన చోట నుంచి, అడ్డంగా చూస్తే, ఎర్రటి తోకలో ఏదో మిణుక్కుమంది.

తల కొంచెం వంచాడు. మళ్ళీ మిణుక్కుమంది. ఒకటి కాదు. ఎరుపు మీద పెన్సిల్ చుక్కలు. ఎదురుగా నిలబడితే కనపడవు. పక్క నుంచి ఎండ తగిలితే పెన్సిల్ మొన మెరిసినట్టు మెరుస్తాయి. ఐదో గడిలో ఒకటి, పదో గడిలో ఒకటి, వరుస తర్వాత వరుస, తోక పొడుగునా.

ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. శేషప్ప కాగితానికి వీపు పెట్టి జేబులో కుంచెలు సర్దుకుంటున్నాడు. తాను నోరు తెరవకపోతే చాలు. ఎండ ఇంకో జానెడు ఎక్కితే ఆ చుక్కలు మళ్ళీ ఎవరికీ కనపడవు. గ్రాఫు బీరువాలోకి పోతుంది. సుత్తి తన చేతికి వస్తుంది. ఇంక ఈ నవ్వులన్నీ శేషప్ప మోయాలి, నిన్నటిదాకా తాను మోసినట్టే.

"ఉండాయి," అన్నాడు మాబు సాబ్.

ఎవరికీ వినపడలేదు.

"ఉండాయప్పా! శేషప్ప సుక్కలు పెట్టినాడు. ఈడ నిలబడి సూడండి, మెరుస్తాండాయి. నేనే సూడలేదు."

ఒక్కొక్కరూ వచ్చి ఆయన నిలబడిన చోట నిలబడి, తల వంచి చూశారు. చూసినవాడు పక్కకు జరిగి తర్వాతివాడికి చోటిచ్చాడు. బజారి చూసి "వాయప్పో" అని మాత్రం అన్నాడు. అందరికంటే చివర శేషప్ప వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ గదిలో ఇవి నీకు ఎట్ల కనపడతాయి," అన్నాడు మెల్లగా. "ఎప్పుడూ కట్టు గడిని తెల్లగానే ఇడుస్తా. ఈసారి దసరాకే కావాలని తొందర సేస్తే తోకంతా రంగు కొట్టేసినా. తర్వాత పైన పెన్సిలుతో పెట్టినా. నా తప్పే సగం." గొంతు సవరించుకున్నాడు. "మాబు సాబ్‌కు సెప్పమని ప్రెసిడెంటుకు సెప్పినా."

అందరూ ఉచ్చీరప్ప వైపు తిరిగారు. ఆయన ఖండించడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే ఆగిపోయింది. కళ్ళు ఎక్కడో దూరానికి పోయాయి.

"సెప్పినాడు," అన్నాడు. "దేవరగట్టు బస్సు ఎక్కతాండా, కిటికీలోంచి సెప్పినాడు, సుక్కలు సూస్కోమను అని. ఆ దసరా రాత్రి గట్టు మీద దేవుని కోసం కొట్టుకునే కట్టెల దెబ్బల్లో నా తలకాయ కాపాడుకునేదే సరిపాయ. ఇంగ సుక్కలు యాడ గుర్తుంటాయి."

ముందు నవ్వింది భీమక్క. తర్వాత శేషప్ప. ఆయన నవ్వగలడని చాలామందికి తెలియదు. ఉచ్చీరప్ప తుండుగుడ్డతో ముఖమంతా తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక ఆయన ముఖం కూడా తేలికపడింది. "సుత్తి తెచ్చుకో మాబు సాబ్. అడగకుండా నీ మీద ఏసినా. ఏమనుకోవద్దు."

"తెచ్చుకుంటా. కానీ ఆ గదిలో కూసోని రాసుకోని ఇంగ కొట్టనప్పా. కొత్త గ్రాఫు ఈ గోడకే తగిలించండి. ఎనిమిది దినాలు ఉండనీ. నేసేటోళ్ళు, సుట్టేటోళ్ళు అందరూ సూడనీ. ఆ తర్వాతనే అట్ట ముట్టుకుంటా."

"నలభై మంది నలభై మాటలంటే డిజైను ఎప్పటికప్పా అయ్యేది?"

జవాబు శేషప్ప చెప్పాడు. "ఎనిమిది దినాలకు అయితాది. దీనికి నేసి, అమ్మి, తిరిగి తెచ్చుకునేదానికి ఐదు నెలలు పాయ."

"నాకు సదువు రాదే," అంది భీమక్క. "తప్పు కనపడితే యాడ రాయాల? చేయి పెడితే ఈయప్ప అరుస్తాడు."

ఆమే జవాబు కూడా వెతుక్కుంది. వాకిలి కంచెలో నుంచి ఒక తుమ్మముల్లు తుంపి, బుట్టలోని ఎర్ర పోగు దానికి ముడివేసి, గ్రాఫు అంచున, అరవై రెండో వరుసకు ఎదురుగా గుచ్చింది. శేషప్ప పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు.

"బాగుంది," అన్నాడు బజారి. "పోగు కట్టినోళ్ళు నలుగురిలో నిలబడి ఏంటికి కట్టినారో సెప్పాల. ఉత్తగా గుచ్చి పోతే ఒప్పుకోము."

"సెప్పినాక ఇప్పేది ఎవురు? ప్రెసిడెంటా?"

"కట్టినోళ్ళే ఇప్పాల," అన్నాడు మాబు సాబ్. "జవాబు వాళ్ళ మనసుకు సరిపోతే వాళ్ళే ఇప్పుతారు. ఒగ పోగు మిగిలినా సుత్తి లేపను."

ఉచ్చీరప్ప గుత్తిలోంచి బీరువా తాళంచెవి తీసి, గ్రాఫు తగిలించిన కొక్కేనికే వేలాడదీశాడు. మిగిలిన మంచి దుప్పట్లను ఏం చేద్దామని ఎవరో అడిగితే, "లాడ్జీలకు పంపండి," అన్నాడు బజారి. అదే చేశారు.

*

కొత్త గ్రాఫు మామిడి పిందెల అంచు. శేషప్ప గోడకు తగిలించి, దానికి కాపలా ఉన్నట్టు పక్కనే స్టూలు వేసుకొని కూర్చున్నాడు. మొదటి మూడు రోజుల్లో ఏడు పోగులు పడ్డాయి. మొదటి పోగుకు ఆయన మధ్యాహ్నం అన్నం తినలేదు. మూడోదానికి వాదించాడు. ఐదోదానికి కాగితం మీద అప్పటికప్పుడు దిద్దాడు.

బజారి ఒకటి గుచ్చి, అందరి ముందరా నిలబడి, "నాకు మామిడికాయ కన్నా సీతాఫలం ఇష్టం," అన్నాడు. "అది కారణం కాదు, ఇప్పు," అన్నారు ఆడవాళ్ళంతా. విప్పాడు. భీమక్క పోగు రెండు రోజులుంది. పిందె కొన దగ్గర దారం పొడుగైందని ఆమె పట్టు. శేషప్ప జానెడు గుడ్డ నేయించి తెచ్చి నేల మీద పరిచాడు. ఆమె పాదం పెట్టి లాగింది. ఒకసారి, రెండుసార్లు, వేళ్ళు నొక్కి మూడోసారి. మెట్టె ఎక్కడా తగులుకోలేదు. వంగి గుడ్డ తీసి మడిచి, పోయి పోగు విప్పింది. విప్పిన పోగు పారేయకుండా రాట్నం కొమ్మకు చుట్టుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున గోడ మీద ఒకే ఒక పోగు మిగిలింది. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు.

"ఎవురిదప్పా ఇది? బయటికి రండి," అన్నాడు శేషప్ప.

మాబు సాబ్ సుత్తి పక్కన పెట్టి లేచాడు. "నాదే. నూట పదో వరసలో నల్లగా ఏదో ఉండాది. సుక్కా కాదా తెలీడం ల్యా. ముందటి మాదిరి నాకు కనపడదు శేషప్పా. పెద్దాసుపత్రిలో సూపిచ్చుకోవాల. అంతవరకు ఇట్ల అడుగుతాంటా, ఇసుక్కోవద్దు."

ఎవరూ నవ్వలేదు. శేషప్ప స్టూలు దిగి, నూట పదో వరుస దగ్గర వంగాడు. భీమక్క వంగింది. ఉచ్చీరప్ప కళ్ళజోడు తీసి తుడుచుకొని వంగాడు. వాళ్ళెవరికీ అది ఏమిటో తెలియలేదు.

"నేను పెట్టింది కాదు," అన్నాడు శేషప్ప అనుమానంగా. "పెట్టినానేమో... గుర్తు లేదే." వేలు నాలుకకు తడి చేసుకొని ఆ నల్లటిదాన్ని మెల్లగా తుడిచాడు. అది పోయింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకొని, ఆ తర్వాత నాలుకకు కూడా రాసి చూశాడు.

"ఏందప్పా?"

"ఈగ," అన్నాడు శేషప్ప. "ఈగ ఏరిగింది."

బజారి నేల మీద కూలబడి నవ్వాడు. "నాకాలా దాన్ని!" అని భీమక్క కొంగు నోట్లో కుక్కుకుంది. శేషప్ప కడవ దగ్గరికి పరిగెత్తి నాలుగుసార్లు పుక్కిలించాడు. ఉచ్చీరప్ప నవ్వి నవ్వి వచ్చిన దగ్గును ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. "ఆ ఈగను కూడా మీటింగుకు పిలిసి అడగండప్పా!" అన్నాడు.

మాబు సాబ్ నవ్వుతూనే ముల్లు పీకి, పోగు విప్పి జేబులో వేసుకున్నాడు. తన మూల ఇప్పుడు గోడ దగ్గరికి, వెలుతురులోకి మారింది. ఇనుప పలక తెరిచి, మొదటి అట్ట పెట్టి మూశాడు. మొదటి వరుస పైకి చదివాడు, అందరికీ వినపడేటట్టు. "రెండు తూట్లు, ఒగటి ఇడుపు." శేషప్ప మూతి తుడుచుకుంటూ వచ్చి గ్రాఫు చూసి, "రెండు, ఒగటి ఇడుపు," అన్నాడు.

సుత్తి లేచింది. వరండాలో పద్నాలుగు రాట్నాలూ తిరుగుతున్నాయి.

*

అంతేనండి కథ. ఏదో ఒక సంఘంలోనో, ఆఫీసులోనో కాగితం బీరువాలో పెట్టి తాళంచెవి నడుముకు కట్టుకున్న ఉచ్చీరప్ప మీకూ ఒకాయన తెలిసే ఉంటాడు. ఆయనకు ఈ కథ పంపండి. నోరు తెరిస్తే "నీకెందుకమ్మా" అనిపించుకున్న భీమక్క మీ ఇంట్లోనే ఉంటే, ఫోన్ ఆమె చేతికిచ్చి వినిపించండి. మీకు ఇందులో ఎక్కడైనా తప్పు కనపడితే నాకూ ఒక పోగు కట్టండి, జవాబు చెప్పుకుంటాను. ఉంటాను మరి.